గేటు వేయాల్సిన మూడు వారాలు

ఆడకుక్క సగటున ఆరేడు నెలలకు ఒకసారి ఎదకు వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఆ ఎద మూడు వారాల దాకా ఉంటుంది. త్రిపురాంతకం, మార్కాపురం, గిద్దలూరు చుట్టుపక్కల ఇళ్ల ముందు, గొర్రెల దొడ్ల దగ్గర, పొలాల కాపలాలో ఉండే కుక్కలకు పుట్టే పిల్లల్లో ఒకరు అనుకుని పుట్టించినవి కొద్ది. మిగతావి ఆ మూడు వారాల్లో ఏదో ఒక పూట గేటు తీసి ఉన్నందుకో, గొలుసు ఊడినందుకో పుట్టినవే. వేలకు వేలు పోసి లాబ్రడార్‌నో జర్మన్ షెపర్డ్‌నో తెచ్చుకున్న ఇళ్లకూ ఇందులో మినహాయింపు లేదు. అందుకే కుక్కలకు బాధ్యతగా పిల్లలు తీయించాలనుకునేవారు ముందు నేర్వాల్సింది అక్కర్లేని జత కట్టకుండా ఆపడం. జత కట్టించడం తర్వాతి సంగతి.

ఇంట్లో పెరిగే జాతి కుక్కలకు కాలంతో పెద్దగా పని లేదు. ఏ నెలలోనైనా ఎదకు వస్తాయి. వీధి కుక్కలకు మాత్రం ఒక కాలం ఉంది. అక్టోబరు రెండో వారంలో వచ్చే చిత్త కార్తెకూ కుక్కలకూ పల్లె జనం ముడిపెట్టి మాట్లాడేది ఊరికే కాదు. జైపూర్‌లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు పట్టుకొచ్చిన వీధి ఆడకుక్కల లెక్కలను పశువైద్యులు పరిశీలించి 2002లో ప్రచురించారు. వానాకాలం చివరి నుంచి చలికాలం మొదలు దాకా ఎదకొచ్చేవి, చూలుతో ఉన్నవి ఎక్కువని, పిల్లలు పెట్టడం నవంబరు, డిసెంబరుల్లో జోరుగా ఉంటుందని అందులో తేలింది. ఒక ఆడకుక్క వెనక ఏడెనిమిది మగకుక్కలు గుంపుగా తిరిగేదీ, వాటిలో అవి కరుచుకునేదీ, దారిన పోయేవాళ్లను కరిచేదీ ఆ రోజుల్లోనే. ఇంటి కుక్క గోడ దూకి పారిపోయేది కూడా అప్పుడే.

నెత్తురు ఆగిన రోజు

ఎద మొదలైందని చెప్పే గుర్తులు అందరికీ తెలిసినవే. మూత్రద్వారం చుట్టూ వాస్తుంది, గచ్చు మీద నెత్తురు చుక్కలు కనిపిస్తాయి, కుక్క పదే పదే నాక్కుంటుంది, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు మూత్రం పోస్తుంది. మగకుక్కలు వాసన పట్టి వచ్చేస్తాయి కాని ఈ దశలో ఆడకుక్క వాటిని దగ్గరికి రానివ్వదు. కూర్చుంటుంది, కసురుతుంది, కరుస్తుంది. ఇది సగటున తొమ్మిది రోజులు. కొన్నింటిలో మూడు నాలుగు రోజులకే ముగుస్తుంది, కొన్నింటిలో రెండు వారాలు దాటుతుంది.

ఆ తర్వాతే చాలా ఇళ్లలో లెక్క తప్పుతుంది. నెత్తురు పలచబడి గడ్డినీళ్ల రంగుకు తిరుగుతుంది, ఒక్కోసారి ఆగినట్టే ఉంటుంది. ఇంటివాళ్లు ఎద అయిపోయిందనుకుని గచ్చు కడిగేసి గొలుసు విప్పుతారు. నిజానికి ఆడకుక్క మగకుక్కను ఒప్పుకునే దశ అప్పుడు మొదలవుతుంది. నడుము మీద చేయి వేస్తే తోక పక్కకు తప్పించి నిలబడుతుంది. ఇది మరో తొమ్మిది రోజులు, అటూ ఇటూగా. కాబట్టి తొలి నెత్తురు చుక్క కనిపించిన తేదీ క్యాలెండర్ మీద రాసుకుని, అక్కడి నుంచి పూర్తిగా మూడు వారాలు, జాగ్రత్తపరులైతే నాలుగు వారాలు, కుక్కను బయటికి వదలకూడదు. తక్కువ నెత్తురు పోయి తనను తాను శుభ్రం చేసుకునే కుక్కల్లో తొలి చుక్క అసలు కంటబడదు. అలాంటి వాటికి రోజూ తెల్లటి గుడ్డతో తుడిచి చూడటం ఒక్కటే దారి.

కుక్కల్లో అండం విడుదలైన వెంటనే పనికిరాదు. అది పక్వానికి రావడానికి ఇంకో రెండు మూడు రోజులు పడుతుంది. మగకుక్క వీర్యకణాలు ఆడకుక్క గర్భంలో ఐదు నుంచి ఏడు రోజుల వరకు బతికి ఉంటాయి. ఈ రెండూ కలిస్తే, ముందుగా జరిగిన కలయికా ఆలస్యంగా జరిగిన కలయికా రెండూ కడుపు నింపగలవు. ఒకే కాన్పులో ఇద్దరు తండ్రుల పిల్లలు పుట్టడమూ ఇందువల్లే. సోమవారం మంచి మగకుక్క దగ్గరికి తీసుకెళ్లి క్రాసింగ్ చేయించి, గురువారం ప్రహరీ పక్కన ఊరకుక్కకు దొరకనిచ్చిన ఇంట్లో సగం లాబ్రడార్లు, సగం గుర్తుపట్టలేనివి పుట్టొచ్చు. ఏది ఎవరి పిల్లో డీఎన్ఏ పరీక్ష తప్ప ఇంకేదీ ఖాయంగా చెప్పలేదు.

కలిసినప్పుడు మగకుక్క అంగం మొదట్లో ఒక బుడిపె ఉబ్బి, రెండూ వెనక్కి వెనక్కి తిరిగి అతుక్కుపోయినట్టు నిలబడతాయి. ఐదు నిమిషాల నుంచి అరగంట దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ సేపు అలాగే ఉంటాయి. ఊళ్లో పిల్లలు రాళ్లు విసరడం, పెద్దలు నీళ్లు కుమ్మరించడం, కర్రతో విడగొట్టడం మామూలు. దానివల్ల రెండింటికీ లోపల చీరుకుపోతుంది. వీర్యం అప్పటికే లోపలికి వెళ్లి ఉంటుంది కనుక చూలు మాత్రం ఆగదు. ఇంటి కుక్క అలా దొరికితే, విడిపోయే దాకా ఆగి, ఆ వారంలోనే పశువుల డాక్టరును కలవడం మేలు. గర్భం నిలవకుండా వెంటనే వేసే పాతకాలపు ఈస్ట్రోజెన్ ఇంజెక్షన్లు ఎముక మూలుగను దెబ్బతీస్తాయి, గర్భసంచికి చీము పట్టిస్తాయి. పిల్లలు అక్కర్లేదనుకుంటే కొద్ది వారాల తర్వాత గర్భసంచి తీసే ఆపరేషనే భద్రం. మందుల షాపులో మనుషుల గర్భనిరోధక మాత్రలు కొని పెరుగన్నంలో కలిపి పెట్టే అలవాటు అన్నిటికంటే చెడ్డది. ఆ హార్మోన్లు రొమ్ముల్లో గడ్డలకు, గర్భసంచిలో చీముకు దారితీస్తాయి.

ఒకే ఇంట్లో ఆడదీ మగదీ

ఒక ఇంట్లో ఆపరేషన్ కాని ఆడకుక్క, మగకుక్క రెండూ ఉంటే ఆ మూడు వారాలు ఇంటిల్లిపాదికీ పరీక్షే. అన్నాచెల్లెళ్లు, తల్లీకొడుకులు అన్న తేడా కుక్కలకు లేదు. ఆరేడు నెలల మగపిల్ల తల్లిని చూలు చేయగలదు. చిన్న జాతుల్లో ఆడపిల్ల ఆరో నెలలోనే మొదటిసారి ఎదకు రావచ్చు. పెద్ద జాతుల్లో ఏడాది, ఏడాదిన్నర పట్టొచ్చు. ఒకే కాన్పులోని మగ, ఆడ పిల్లలను జంటగా తెచ్చుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి ముందే ఆలోచించుకోవాలి.

డాబా మెట్ల కింద ఒకదాన్ని, పెరట్లో ఇంకొకదాన్ని కట్టేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. గ్రిల్ గేటు సందుల్లోంచి కలిసిన కుక్కలున్నాయి. పనికొచ్చే పద్ధతి రెండు తలుపుల పద్ధతి: ఆడకుక్క ఉన్న గదికీ మగకుక్క ఉన్న చోటుకూ మధ్య ఎప్పుడూ రెండు మూసిన తలుపులుండాలి, ఒక మనిషి ఒకేసారి రెండూ తీయకూడదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ నియమం నిలవదు. అప్పుడు మగకుక్కను ఆ మూడు వారాలు చుట్టాలింటికి పంపడమే నయం. ఇంట్లోనే ఉంచితే అది తిండి మానేస్తుంది, రాత్రంతా ఊళ పెడుతుంది, తలుపు గీరుతుంది, బక్కచిక్కుతుంది. దాన్ని కొట్టి ప్రయోజనం లేదు. బజార్లో దొరికే డైపర్లు గచ్చును కాపాడతాయి కాని చూలును ఆపవు.

బయటికి తిప్పాల్సి వస్తే గొలుసుతోనే, వీధి కుక్కలు తక్కువగా తిరిగే వేళలోనే తిప్పాలి. మార్కాపురం సందుల్లో ప్రతి మలుపుకూ ఒక గుంపు ఉంటుంది గనుక ఇది చెప్పినంత తేలిక కాదు. పెరడు ఉన్నవాళ్లు ఆ మూడు వారాలు పెరట్లోనే తిప్పుకోవడం మంచిది.

రెండు ఆడకుక్కలు ఉన్న ఇంట్లో తగువు వేరే. ఒకే లింగానికి చెందిన కుక్కల మధ్య, అందులోనూ ఆడకుక్కల మధ్య, ఎద సమయంలో మొదలైన పగ తర్వాత కూడా చల్లారకపోవచ్చు. వాటికి తిండి విడివిడిగా పెట్టాలి.

మగకుక్కకు వృషణాలు తీయించాక కూడా నెల రోజుల పాటు దాన్ని నమ్మకూడదు. నాళాల్లో మిగిలిన వీర్యంతో చూలు నిలిచే అవకాశం ఉంటుంది. ఆపరేషన్ ఏ వయసులో చేయించాలన్నది ఇప్పుడు జాతిని బట్టి చెప్పాల్సిన మాట. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 2020లో 35 జాతుల లెక్కలు ప్రచురించారు. కొన్ని పెద్ద జాతుల్లో ఏడాదిలోపే ఆపరేషన్ చేస్తే కీళ్ల జబ్బులు పెరుగుతాయని, చిన్న జాతుల్లో ఆ తేడా పెద్దగా లేదని అందులో కనిపించింది. నాటు కుక్కలకు ఇంత తర్జనభర్జన అక్కర్లేదు. గేటు లేని ఇంట్లో ఆడకుక్క మొదటి ఎదకు ముందే ఆపరేషన్ చేయించడం మంచిది.

ఏ కుక్కకు ఏ కుక్క

పిల్లలు తీయించాలని నిజంగా అనుకున్నప్పుడు మొదట వేసుకోవాల్సిన ప్రశ్న, ఆ పిల్లలు ఎవరింటికి వెళతాయన్నది. లాబ్రడార్ ఒక్క కాన్పులో ఏడెనిమిది పిల్లలు పెట్టడం సాధారణం. త్రిపురాంతకం అంత ఊళ్లో, చుట్టుపక్కల పల్లెల్లో, ఎనిమిది లాబ్రడార్లను సాకగల ఇళ్లు ముందే ఖాయం చేసుకోకపోతే, మూడో నెలలో ఆ పిల్లలు ఇంటివాళ్లకే భారమవుతాయి. "ఒక్కసారి పిల్లలు పెడితే కుక్కకు మంచిది" అన్న మాటకు వైద్యంలో ఆధారం లేదు.

కేంద్ర ప్రభుత్వం 2017 మే 23న నోటిఫై చేసిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాలు ఈ పనికి హద్దులు గీశాయి. పిల్లలు తీయించి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ కావాలి. ఆడకుక్కకు కనీసం 18 నెలలు నిండాలి, ఎనిమిదేళ్లు రాకూడదు. వరసగా రెండు ఎదల్లో క్రాసింగ్ చేయించకూడదు, ఏడాదిలో ఒక్క కాన్పుకు మించకూడదు, జీవితంలో ఐదు కాన్పులకు మించకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. చట్టం కాగితం మీద బాగానే ఉంది. చిన్న పట్టణాల్లో రిజిస్టర్ చేయించుకోకుండా, ఐదు వారాల పిల్లలను అట్టపెట్టెలో పెట్టి అమ్మేవాళ్లను అడిగే నాథుడు తక్కువ. అడగాల్సిన మొదటి మనిషి కొనేవాడే. తల్లిని చూపించనివాడి దగ్గర పిల్లను కొనకపోవడం ఒక్కటి పాటించినా సగం సమస్య తగ్గుతుంది.

జతను ఎంచేటప్పుడు రంగు, తల సైజు చివర చూడాల్సినవి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్‌లకు తుంటి కీలు సరిగా అమరని జబ్బు వంశంలో వస్తుంది. రెండేళ్ల వయసులో ఎక్స్‌రే తీయించి చూడాలి. నున్నటి టైల్స్ మీద పెరిగిన కుక్కల్లో ఆ లోపం ముదురుతుంది. పగ్ లాంటి ముక్కు నొక్కుకుపోయిన జాతులు మే నెల ఎండలో ఊపిరికి అల్లాడతాయి. ఎండలు 43, 44 డిగ్రీలు చూసే ఈ ప్రాంతంలో వాటిని పుట్టించడమే ఆలోచించాల్సిన విషయం. పిరికి కుక్క, మనుషుల మీదికి ఉరికే కుక్క ఎంత అందంగా ఉన్నా పిల్లలకు పనికిరాదు. స్వభావంలో కొంత భాగం వంశం నుంచే వస్తుంది.

చిన్న పట్టణాల్లో ఇంకో చిక్కు దగ్గరి చుట్టరికం. ఒక ఊళ్లోని జాతి కుక్కలన్నీ ఒకే వ్యాపారి తెచ్చిన రెండు మూడు జంటల సంతానమైనప్పుడు, వేరు వేరు ఇళ్ల కుక్కలైనా అవి అన్నాచెల్లెళ్లే కావచ్చు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితాలుంటే మూడు తరాల పేర్లు పోల్చి చూడొచ్చు. కాగితాలు లేకపోతే వేరే జిల్లా నుంచి మగకుక్కను వెతకడమే దారి.

జబ్బుల విషయానికొస్తే, కలయిక ద్వారా అంటుకునే గడ్డ ఒకటి మన వీధి కుక్కల్లో విరివిగా కనిపిస్తుంది. మూత్రద్వారం దగ్గర కాలీఫ్లవర్‌లా పెరిగి నెత్తురు కారుస్తుంది. ఇది మామూలు క్యాన్సర్ కాదు. ఒక కుక్క కణాలే ఇంకో కుక్కలో నాటుకుని పెరుగుతాయి. 43 దేశాల నుంచి 546 గడ్డల జన్యువులను చదివి 2019లో ప్రచురించిన పరిశోధన, ఇది 4,000 నుంచి 8,500 ఏళ్ల కింద ఆసియాలో ఒకే ఒక్క కుక్కలో మొదలైందని తేల్చింది. వారానికొకటి చొప్పున కొన్ని వారాలు విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లు వేస్తే చాలా వరకు నయమవుతుంది. గర్భస్రావం కలిగించే బ్రూసెల్లా మాత్రం అంత తేలిగ్గా లొంగదు, మనుషులకూ అంటగలదు. జతకు ముందు రెండు కుక్కలకూ దాని రక్తపరీక్ష చేయించడం మంచి పెంపకందారుల ఆనవాయితీ.

జాతిని నిలబెట్టడమనే మాటకు నిజమైన అర్థం చూడాలంటే విదేశీ జాతుల కంటే మన జాతుల వైపు చూడాలి. కోస్తాలో కొల్లేరు పరిసరాల బాతుల పెంపకందారులు పెంచిన జోనంగి ఆంధ్రుల సొంత కుక్క. పొట్టి వెంట్రుకలు, ముడతల నుదురు, మామూలు మొరుగుడు బదులు సాగదీసిన వింత కూత దాని గుర్తులు. బాతుల మందలు తగ్గి చేపల చెరువులు పెరిగాక దానికి పని పోయింది, సంఖ్యా పడిపోయింది. కర్ణాటక ఈ విషయంలో ముందుంది. బీదర్‌లోని పశువైద్య విశ్వవిద్యాలయం బాగల్‌కోట్ జిల్లా ముధోల్ దగ్గర తిమ్మాపూర్‌లో ముధోల్ వేటకుక్కల కోసం ఒక కేంద్రం నడుపుతోంది. చుట్టుపక్కల ఊళ్ల పెంపకందారుల చేతిలోనే జాతి నిలుస్తోంది. జోనంగికి ఇంకా అలాంటి ఇల్లు దొరకలేదు.

అరవై మూడు రోజులు

అండం విడుదలైన నాటి నుంచి పిల్లలు పెట్టడానికి 63 రోజులు, ఒక రోజు అటూ ఇటూ. కలిసిన రోజు నుంచి లెక్కిస్తే వారం దాకా తేడా రావచ్చు. సరైన రోజు తెలియాలంటే ప్రొజెస్టెరాన్ రక్తపరీక్ష ఉంది. అది అందనిచోట రోజు విడిచి రోజు రెండు మూడుసార్లు క్రాసింగ్ చేయిస్తారు.

ఈ ప్రాంతంలో నెల ఎంచుకోవడం ముఖ్యం. ఫిబ్రవరి, మార్చిలో జత కట్టిస్తే పిల్లలు ఏప్రిల్, మేలలో పుడతాయి. పుట్టిన పిల్లలకు మొదటి వారాల్లో ఒంటి వేడిని తమంతట తాము నిలుపుకునే శక్తి ఉండదు. రేకుల కప్పు కింద తల్లీపిల్లలు ఉడికిపోతాయి, తల్లికి పాలు తగ్గుతాయి. అక్టోబరు, నవంబరుల్లో జత కట్టిస్తే పిల్లలు డిసెంబరు, జనవరిల్లో పుట్టి, ఎండలు ముదిరేలోపు అన్నం తినడం నేర్చుకుంటాయి. జనవరి రాత్రుల చలికి ఒక గోనెపట్టా, గాలి కొట్టని మూల చాలు. నాపరాళ్ల గచ్చు మీద నేరుగా మాత్రం పడుకోబెట్టకూడదు.

చూలు నిలిచిందో లేదో నాలుగో వారంలో స్కానింగ్‌లో తెలుస్తుంది. 55వ రోజు తర్వాత ఎక్స్‌రేలో పిల్లలను లెక్కపెట్టొచ్చు. ఆఖరి మూడు వారాల్లో తిండి మెల్లగా పెంచాలి. ఒట్టి పెరుగన్నంతో సరిపోదు. గుడ్డు, మాంసం కావాలి. మనుషులకిచ్చినట్టు చూలు కుక్కకు కాల్షియం సిరప్ తాగించడం చాలా ఇళ్లలో ప్రేమతో చేసే పొరపాటు. చూలు రోజుల్లో బయటి నుంచి కాల్షియం పోస్తే, ఎముకల్లోని నిల్వను వాడుకునే ఏర్పాటు శరీరంలో మందగిస్తుంది. పిల్లలు పెట్టి పాలిచ్చే రోజుల్లో ఒక్కసారిగా అవసరం పెరిగినప్పుడు నెత్తురులో కాల్షియం పడిపోతుంది. పొమేరియన్ లాంటి చిన్న కుక్కల్లో, ఎక్కువ పిల్లలున్నప్పుడు ఇది జరుగుతుంది. కుక్క ఊరికే రొప్పుతుంది, కాళ్లు బిగుసుకుపోతాయి, వణుకుతుంది, ఒళ్లు కాలిపోతుంది. గంటల్లో ప్రాణం పోవచ్చు. నరంలోకి నిదానంగా కాల్షియం ఎక్కించడం పశువుల డాక్టరు చేయాల్సిన పని. పిల్లలను ఆ రోజుకు తల్లి నుంచి వేరు చేయాలి.

ఆఖరి వారంలో రోజుకు రెండుసార్లు థర్మామీటరు పెట్టి చూసేవారికి కాన్పు ముందే తెలిసిపోతుంది. మామూలుగా 101, 102 ఫారెన్‌హీట్ ఉండే వేడి 99 కంటే కిందికి దిగితే ఒక రోజులోపు నొప్పులు మొదలవుతాయి. అరగంట పాటు గట్టిగా ముక్కినా పిల్ల రాకపోతే, ఒక పిల్లకూ ఇంకో పిల్లకూ మధ్య రెండు గంటలు దాటితే, మొదటి పిల్లకు ముందే ఆకుపచ్చ ద్రవం కారితే ఆసుపత్రికి బయలుదేరాల్సిందే. అర్ధరాత్రి ఏ డాక్టరు దొరుకుతాడో, బండి ఎవరిదో కాన్పుకు ముందే మాట్లాడి పెట్టుకోవాలి.

పిల్లల కళ్లు పది, పద్నాలుగు రోజులకు తెరుచుకుంటాయి. రెండో వారంలో నులిపురుగుల మందు మొదలుపెట్టాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పార్వో, డిస్టెంపర్ టీకా, మూడు నెలలకు రేబిస్ టీకా. ఏటా జులై 6న ప్రపంచ జూనోసిస్ దినం సందర్భంగా ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. మూడో వారం నుంచి మూడో నెల దాకా పిల్ల ఏయే మనుషులను, చప్పుళ్లను, జంతువులను చూస్తుందో వాటికే జన్మంతా అలవాటు పడుతుంది. గొర్రెల కాపలాకు పోవాల్సిన పిల్ల ఆ రోజుల్లో గొర్రెల మధ్య పెరగాలి.

అడవి అంచున

త్రిపురాంతకం శ్రీశైలానికి తూర్పు ద్వారం, అంటే నల్లమల అంచు. మార్కాపురం అటవీ డివిజన్ నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగం. ఇక్కడ ఎవరికీ అక్కర్లేని కుక్కపిల్లలను దూరంగా వదిలేయడమంటే చాలాసార్లు అడవి వైపు వదిలేయడమే. అక్కడ అవి చిరుతకు తిండి అవుతాయి, లేదా గుంపు కట్టి జింకలను, గొర్రెలను వేటాడతాయి. అడవి మృగాలకు జబ్బులూ మోస్తాయి. 2018లో గుజరాత్ గిర్ అడవుల్లో కొద్ది వారాల్లోనే 20కి పైగా సింహాలు చనిపోయాయి. వాటిలో కొన్నింటికి డిస్టెంపర్ వైరస్ ఉన్నట్టు తేలింది. కుక్కల్లో ఎప్పుడూ తిరిగే వైరస్ అది. నల్లమలలో పులులతో పాటు రేచుకుక్కలూ ఉన్నాయి, వాటికీ ఆ వైరస్ ప్రమాదమే. తోడేళ్లు తిరిగే చోట ఇంకో చిక్కు: కుక్కా తోడేలూ కలిస్తే పిల్లలు పుడతాయి, ఆ పిల్లలకూ పిల్లలు పుడతాయి. పుణె దగ్గరి గడ్డిభూముల్లో అలాంటి సంకరం నిజమేనని 2023లో జన్యుపరీక్షలు రూఢి చేశాయి.

వీధి కుక్కల విషయం 2023 మార్చి 10న వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల కిందికి వస్తుంది. 2001 నాటి నియమాల స్థానంలో వచ్చినవి ఇవి. వాటి ప్రకారం కుక్కను పట్టి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. ఆ బాధ్యత స్థానిక సంస్థలది. ఇంటి కుక్క ఆపరేషన్ ఇంటివాళ్లు చేయించుకోవాల్సిందే.

డబ్బు, డాక్టరు సమయం రెండూ తక్కువగా ఉన్న ఊళ్లో ముందు ఆడకుక్కలకే చేయించాలి. పది మగకుక్కల్లో తొమ్మిదింటికి ఆపరేషన్ చేసినా, మిగిలిన ఒక్కటి వీధిలోని ఆడకుక్కలన్నింటినీ చూలు చేయగలదు. పది ఆడకుక్కల్లో తొమ్మిదింటికి చేస్తే పుట్టేది ఒక్క కాన్పే. ఎదలో ఉన్నప్పుడు గర్భసంచికి నెత్తురు ఎక్కువగా పారుతుంది కనుక డాక్టర్లు ఆ రోజుల్లో కత్తి పట్టడానికి ఇష్టపడరు. ఎద ముగిశాక రెండు మూడు నెలలు ఆగి చేయించడం పద్ధతి. చిత్త కార్తెలో ఎదకొచ్చి ఆ మూడు వారాలు లోపలే ఉండి గట్టెక్కిన కుక్కకు, సంక్రాంతి దాటాక ఆపరేషన్ తేదీ అడగొచ్చు.